పచ్చి వైన్ ఆకుపచ్చగా ఎందుకు ఉండదు, చేపల పులుసుతో ఎందుకు కుదరదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: జూన్ మూడో వారంలో పోర్చుగల్‌లోని పోర్తో, లిస్బన్ వెళ్తున్నారు. అక్కడి 'గ్రీన్ వైన్' గురించి విని, వెళ్లేముందే ఒకసారి రుచి చూద్దామని ఇక్కడే బాటిల్ కొన్నారు. ఆదివారం చేపల పులుసుతో తాగితే చప్పటి సోడా నీళ్లలా ఉంది, పైగా ఆకుపచ్చగా కాదు, తెల్లగా ఉంది. మోసపోయామా, అక్కడ ఏది తీసుకోవాలి, దేనితో తినాలి, మీ ఆవిడ శాకాహారి కాబట్టి ఆవిడకి ఏముంటుంది?

మోసపోలేదండీ. తప్పు సగం ఆ బాటిల్‌ది అయ్యుండొచ్చు, మిగతా సగం మాత్రం ఖాయంగా పులుసుదే.

నేను హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, కొన్నాళ్లు క్రూజ్ షిప్పులో పనిచేసి, తర్వాత పోర్తోకి ఆనుకునే ఉండే మతోజిన్యోస్ అనే రేవు ఊళ్లో చేపల రెస్టారెంట్‌లో ఆరేళ్లు టేబుళ్ల దగ్గర సర్వీస్ చేశాను. రోజుకి ఎన్ని బాటిళ్లు తెరిచానో లెక్క లేదు, అందులో సగానికి పైగా ఈ వైనే. అందుకని కొంచెం పొడుగ్గానే చెప్తాను, ఓపిక పట్టండి.

ముందు పేరు సంగతి. పోర్చుగీసులో దీన్ని విన్యో వెర్దె అంటారు. విన్యో అంటే వైన్. వెర్దె అంటే నిఘంటువు ప్రకారం ఆకుపచ్చ, ఇంగ్లీషులో దాన్ని 'గ్రీన్' అని పెట్టేసరికి అందరూ రంగు కోసం వెతుకుతున్నారు. నిజానికి మన తెలుగులో దీనికి సరిగ్గా సరిపోయే మాట ఉంది: పచ్చి. పచ్చి మామిడికాయ, పచ్చిమిర్చి అన్నప్పుడు మనం రంగూ చెప్తున్నాం, ఇంకా పండలేదనీ చెప్తున్నాం కదా, వాళ్ల వెర్దె కూడా అంతే. అక్కడి పాతకాలపు హోటళ్లలో మెనూ కార్డు మీద వైన్లని రెండు పేర్ల కింద రాస్తారు, ఒకటి వెర్దె, ఇంకోటి మదూరో, అంటే పండింది. 'వెర్దెనా, మదూరోనా' అని వెయిటర్ అడిగితే పచ్చిదా పండుదా అని అడిగినట్టే. ఆ ప్రాంతమంతా వానలకి పచ్చగా ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చిందనేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లతో వాదన పెట్టుకోకండి, తెగదు. అన్నట్టు విన్యో వెర్దెలో ఎరుపూ ఉంది, గులాబీ రంగుదీ ఉంది. అంటే అది రంగు పేరు కాదు, ఊరి పేరు లాంటిది. పోర్చుగల్ వాయవ్య మూలన, స్పెయిన్ సరిహద్దులో ఉన్న మిన్యో నది నుంచి దక్షిణంగా దోరు నది దాటి కొంతదూరం వరకు ఉన్న నేల అది. 1908లోనే దానికి హద్దులు గీశారు. ఆ హద్దుల లోపల పండిన ద్రాక్షతో చేస్తేనే ఆ పేరు, సీసా మీద ఆ ప్రాంతపు వైన్ కమిషన్ వాళ్ల ముద్ర ఉంటుంది.

పులుపు ఎక్కడినుంచి వచ్చిందంటే, ముందు వాన. అట్లాంటిక్ పక్కనే, నల్లరాతి నేల, ఏడాదికి 1500 మిల్లీమీటర్లకి అటూ ఇటూగా వర్షం, మరీ మండని ఎండ. రెండోది పందిరి. మిన్యో నది పక్క ప్రాంతంలో చిన్న కమతాలు, ఒక్కో రైతుకి ఉండేది కొంచెం నేల, అందులోనే రొట్టెకి మొక్కజొన్న, సూప్‌కి క్యాబేజీ, ఆవుకి గడ్డి, అన్నీ పండాలి. అందుకని ద్రాక్షని పైకెక్కించేశారు. హైదరాబాద్ చుట్టుపక్కల పాత అనాబ్‌షాహీ ద్రాక్ష తోటలు చూసినవాళ్లకి వర్ణించక్కర్లేదు, అవే రాతి కడీలు, అదే పందిరి, కింద కూరగాయలు. కొన్నిచోట్ల పందిరి కూడా వేయకుండా చెట్ల మీదికే పాకించేవాళ్లు, నిచ్చెనలు వేసుకుని కోసేవాళ్లు. నేలకి అంత ఎత్తున, ఆకుల నీడన ఉన్న గుత్తి పూర్తిగా పండదు, తీపి తక్కువ, పులుపు ఎక్కువ. తీపి తక్కువైతే పులిశాక వచ్చే ఆల్కహాలూ తక్కువే. ఇప్పుడు చాలా తోటల్లో పందిళ్లు తీసేసి తీగల వరసలు వేశారు, అక్కడ ద్రాక్ష బాగానే పండుతోంది, కానీ జనం నాలుక ఆ పులుపుకే అలవాటు పడింది కాబట్టి దాన్ని పోగొట్టరు.

నాలుక మీద సన్నగా గుచ్చుకునే ఆ బుడగలకి అక్కడ 'అగూల్యా' అని పేరు, అంటే సూది. పూర్వం చలికాలంలోనే సీసాల్లో నింపేస్తే వేసవి దగ్గరపడేసరికి లోపల ఇంకోసారి పులిసి గ్యాస్ పుట్టేది, వైన్ కాస్త మబ్బుగా ఉండేది, ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. ఇప్పుడు చౌక బాటిళ్లలో నింపేటప్పుడు గ్యాస్ కలుపుతారు. ఖరీదైనవాటిలో చాలావరకు బుడగలు ఉండవు. కాబట్టి బుడగల్లేవు కాబట్టి నకిలీ అనుకోవద్దు.

మీ పులుసు దగ్గరికి వద్దాం. లడ్డూ తిని వెంటనే టీ తాగితే టీలో పంచదార వేయడం మర్చిపోయారా అనిపిస్తుంది కదా. పులుపులో కూడా ఇదే జరుగుతుంది. చింతపండు పులుపు ముందు ఈ వైన్ పులుపు నిలబడదు, నాలుక దాన్ని లెక్క చేయదు, అది పోయాక ఇక ఆ వైన్‌లో మిగిలేది ఏమీ లేదు, నీళ్లే. పైగా కారం. కారం మీద ఆల్కహాలు మంటని పెంచుతుంది, బుడగలూ పెంచుతాయి (మిర్చి బజ్జీ తిని సోడా తాగినవాళ్లకి తెలుసు). నూరేళ్ల పేరున్న సీసా తెచ్చినా పులుసు ముందు ఓడిపోతుంది. ఆ ఆదివారం మీరు అదే చేపని వేయించుకుని తాగి ఉంటే ఇప్పుడు నాకు ఈ ప్రశ్న రాసేవాళ్లు కాదు.

నేను టేబుల్ దగ్గర ఎవరైనా అడిగితే చెప్పిన సూత్రం ఒక్కటే, ఇప్పటికీ అదే వాడతాను. ప్లేటు వైపు చూడండి. దాని మీద నిమ్మచెక్క పిండాలని చెయ్యి దానంతటదే వెళ్తుందా? అయితే ఈ వైన్ కుదురుతుంది. ఎందుకంటే అక్కడ ఈ వైన్ చేసే పని నిమ్మకాయ పనే, నూనెనీ కొవ్వునీ కోసేసి, ఉప్పుని ముందుకి తెచ్చి, తర్వాతి ముద్దకి నోరు శుభ్రం చేసి పెట్టడం. ఇప్పటికే పులుసో, టమాటానో, వెనిగరో పోసేసిన వంటకానికి నిమ్మకాయ అక్కర్లేదు, ఈ వైనూ అక్కర్లేదు.

దీనికి అన్నిటికన్నా మంచి ఉదాహరణ మీ కళ్ల ముందే జరగబోతోంది. జూన్ 23 రాత్రి పోర్తోలో సావ్ జువావ్ పండగ. మీ తేదీలు చూస్తుంటే ఆ రాత్రికి మీరు అక్కడే ఉంటారు, ఉండకపోతే టికెట్ మార్చుకోండి, నిజంగానే చెప్తున్నా. ఊరంతా రోడ్డు మీదే ఉంటుంది, ముక్కూ మొహం తెలియనివాళ్లు వచ్చి ప్లాస్టిక్ సుత్తితో నెత్తి మీద టంగుమని కొట్టి నవ్వుకుంటూ వెళ్లిపోతారు, కోపం తెచ్చుకోకూడదు, మీరూ ఒకటి కొనుక్కుని కొట్టాలి. ప్రతి సందులో బొగ్గుల కుంపటి, దాని మీద సార్డీన్లు, అంటే మన కవళ్ల జాతి చేప. పొట్ట కోయరు, పొలుసు తీయరు, రాళ్ల ఉప్పు చల్లి అలాగే నిప్పుల మీద పెడతారు. మతోజిన్యోస్‌లో మా గ్రిల్ ఫుట్‌పాత్ మీదే ఉండేది, జూన్ నెలంతా నా చొక్కాలు ఉతికినా ఆ వాసన పోయేది కాదు. 'సావ్ జువావ్‌కి సార్డీన్ రొట్టె మీద కారుతుంది' అని వాళ్ల సామెత. ఆ రోజులకి చేపకి కొవ్వు పడుతుంది, వేడి చేపని ఒక రొట్టె ముక్క మీద పెట్టుకుంటే నూనె బొట్లు బొట్లుగా రొట్టెలోకి దిగుతుంది. చెంచాలూ ఫోర్కులూ పక్కన పెట్టేసి, వేళ్లతో పై తోలు వలిచి, ముల్లుకి రెండువైపులా ఉన్న కండ తీసుకుని తినాలి, మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. నాలుగు చేపలు అయ్యాక చివర్లో ఆ నూనె పీల్చిన రొట్టె తింటారు. నోరంతా కొవ్వు, ఉప్పు, పొగ. అప్పుడు చల్లటి విన్యో వెర్దె ఒక్క గుక్క వేస్తే, ఐదో చేప తినగలను అనిపిస్తుంది. అదీ దాని పని.

సార్డీన్ కాకుండా ఇంకేం తినొచ్చు అంటే చాలా ఉన్నాయి. ఎండు కాడ్ చేప, బంగాళాదుంప, గుడ్డు, పార్స్లీ కలిపి రెండు చెంచాలతో మూడు పలకలుగా ఒత్తి నూనెలో వేయించే బొలీన్యోస్ ద బకల్యావ్ తప్పకుండా తినండి. చూడ్డానికి బోండా తమ్ముడు. లిస్బన్‌లో అదే వంటకాన్ని పష్తెయిష్ అంటారు, పోర్తోవాళ్ల ముందు ఆ మాట అనకండి. అమైజోవాష్ ఆ బుల్యావ్ పాతు అని ఒకటి ఉంటుంది, గుల్లలని ఆలివ్ నూనె, వెల్లుల్లి, బోలెడు కొత్తిమీరతో ఆవిరి మీద తెరిచి చివర్లో నిమ్మరసం పిండుతారు. ఒక కవి పేరు దానికి పెట్టారు, వండింది మాత్రం ఆయన కాదంటారు. యూరప్‌లో మిగతావాళ్లు కొత్తిమీరని పెద్దగా పట్టించుకోరు, పోర్చుగీసువాళ్లు మాత్రం మనలాగే కట్టలు కట్టలు వేస్తారు. ఆ అడుగున మిగిలిన రసంలో రొట్టె ముంచుకుని తినడమే అసలు భోజనం. కాల్చిన ఆక్టోపస్ కూడా బాగుంటుంది, కానీ దానికి కొంచెం బరువైన బాటిల్ కావాలి, ఆ సంగతి కిందికి వస్తుంది. ఫ్రాన్సెజీన్యా అనే పోర్తో శాండ్‌విచ్ మీద చీజూ, బీరు కలిపిన సాసూ పోస్తారు, దానితో బీరే తాగండి. చివర్లో పష్తెల్ ద నాతా లాంటి గుడ్డు తీపి వచ్చినప్పుడు గ్లాసులో ఈ వైన్ మిగిలుంటే పక్కకి జరిపేయండి, తీపి పక్కన అది వెనిగర్ లాగా ఉంటుంది.

మీ ఆవిడకి పెయిషీన్యోస్ ద ఓర్తా. అర్థం 'తోట చేపపిల్లలు', నిజానికి అందులో చేప ఏమీ లేదు, ఫ్రెంచ్ బీన్స్‌ని పిండిలో ముంచి వేయించిన బజ్జీలు. జపాన్ టెంపురా దీనినుంచే వెళ్లిందని చెప్తారు. పిండిలో గుడ్డు ఉంటుంది, ఆవిడ గుడ్డు తినకపోతే ముందే అడగండి. విన్యో వెర్దెతో అన్నిటికన్నా బాగా కుదిరే శాకాహారం నా లెక్కలో ఇదే. కాల్దు వెర్దె అని పచ్చటి సూప్ ఊరూరా దొరుకుతుంది, బంగాళాదుంప గంజిలాంటి దాంట్లో క్యాబేజీ జాతి ఆకుని జుట్టులా సన్నగా తరిగి వేస్తారు. కానీ జాగ్రత్త, చివర్లో పంది మాంసం సాసేజ్ బిళ్ల ఒకటి వేసి ఇస్తారు. 'సెం షొరీసు' అనండి, వేయరు. కొన్నిచోట్ల సాసేజ్‌ని సూప్‌లోనే ఉడికిస్తారు, అందుకని 'లోపల కూడా వద్దు, ఉడికించారా' అని గట్టిగా అడగడం మేలు. మీరు అడగకుండానే టేబుల్ మీద రొట్టె, ఆలివ్ కాయలు, చీజ్ పెట్టి వెళ్తారు, అవి ఉచితం కాదు, ముట్టుకుంటే బిల్లులో పడతాయి. ఇష్టం లేకపోతే వెనక్కి పంపేయొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఏ బాటిల్ అన్నదానికి నేను కొత్తవాళ్లకి చెప్పేది పేర్లు కాదు, వెనక లేబుల్ మీద ఆల్కహాల్ శాతం చూడమని. 9, 9.5, 10 అని ఉంటే అది నాలుగైదు ద్రాక్షలు కలిపిన తేలికది, బుడగలుంటాయి, చాలాసార్లు రవ్వంత తీపి కూడా ఉంటుంది. నీలం రంగు లేసు అల్లిక లేబుల్‌తో ఉండే కసాల్ గార్సియా, గజేలా ఈ జాతివే. అక్కడి సూపర్‌మార్కెట్లో 3 నుంచి 5 యూరోల మధ్య వస్తాయి. వీటిని చూసి ముక్కు విరిచే వైన్ పండితులు ఉంటారు, పట్టించుకోకండి, సార్డీన్ పక్కన ఇది తాగడంలో తప్పేమీ లేదు. మనవాళ్లకి ఇంకో లాభం కూడా ఉంది: ఆల్కహాలు తక్కువ, తీపి రవ్వంత, అంటే కారానికి ఇదే నయం. ఇంటికి వెళ్లాక అపోలో ఫిష్‌తోనో, మరీ మంట పుట్టించని రొయ్యల వేపుడుతోనో ఇది చక్కగా నడుస్తుంది, అల్వారిన్యో అనే ద్రాక్షతో చేసిన ఖరీదైన రకం (దాని సంగతి కింద చెప్తాను) నడవదు.

11, 11.5, 12 దగ్గర ఎక్కువగా లొరెయిరో అనే ద్రాక్ష కనిపిస్తుంది. ఆ పేరుకి అర్థం లారెల్ చెట్టు, మనం బిర్యానీలో వేసే ఆకుకి దూరపు చుట్టం. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే నారింజ పువ్వు, ఆ వెనకే ఆకు వాసన. లీమా నది లోయ, పోంత ద లీమా ఊరి చుట్టుపక్కలది అయితే ఇంకా మంచిది. నాకు ఒక్కటే బాటిల్ ఇస్తామంటే ఇదే అడుగుతాను. తెల్ల చేప, గుల్లలు, మేక పాలతో చేసిన తాజా చీజ్, అన్నిటికీ సరిపోతుంది, ఎవరి మీదా అరవదు.

12.5, 13 అంటే దాదాపుగా అల్వారిన్యో, లేదా బయావ్ వైపు నుంచి వచ్చే అవేసో. అల్వారిన్యోకి సొంత ఊరు మోన్సావ్, మెల్గాసో. మిన్యో నదికి ఇటు ఒడ్డు, అటు ఒడ్డున స్పెయిన్‌లో ఇదే ద్రాక్షని అల్బరీన్యో అంటారు, ధరలో అటువాళ్లది ఒక మెట్టు పైనే ఉంటుంది. చుట్టూ కొండలు అడ్డం ఉండబట్టి సముద్రపు చలిగాలి లోపలికి రాదు, ద్రాక్ష బాగా పండుతుంది, అందుకే ఇంత బరువు. ఆక్టోపస్‌కి, ఓవెన్‌లో ఆలివ్ నూనెతో చేసిన బకల్యావ్‌కి, అంటే ఎండు కాడ్ చేపకి, పెద్ద రొయ్యలకి ఇది తీసుకోండి, 8 నుంచి 12 యూరోలు పెడితే మంచిదే వస్తుంది. మోన్సావ్ సహకార సంఘం వాళ్లది దెవు లా దెవు అని ఒకటి ఉంది. ఆ పేరు వెనక కథ నాకు భలే ఇష్టం. స్పెయిన్ వైపు సైన్యం కోటని ముట్టడించి జనాన్ని ఆకలితో మాడుస్తుంటే, దెవు లా దెవు అనే ఆవిడ ఊళ్లో మిగిలిన ఆఖరి పిండితో రొట్టెలు చేయించి గోడ మీదినుంచి శత్రువుల మీదికే విసిరిందట, కావాలంటే ఇంకా ఉన్నాయి తీసుకోండని. వీళ్ల దగ్గర ఇంత తిండి ఉందా అని వాళ్లు విసుగెత్తి వెళ్లిపోయారు. ఊరి అధికార చిహ్నం మీద ఇప్పటికీ ఆవిడ చేతిలో రొట్టెలుంటాయి.

ఇప్పుడు మీరు ఇక్కడ కొన్న బాటిల్ సగం తప్పు అన్నాను కదా, అది వయసు గురించి. 9, 10 శాతం బాటిళ్లు దాచుకునేవి కావు, ఏడాదిలో తాగేయాలి, పైగా చాలావాటి మీద సంవత్సరం కూడా వేయరు. నేను సెలవులకి ఇంటికి వచ్చినప్పుడు ఒక షాపులో ట్యూబ్‌లైట్ కింద నిలబెట్టిన తెల్లగాజు సీసా ఒకటి కొన్నాను. తెరిస్తే బుడగ ఒక్కటి లేదు, రంగు చిక్కటి టీ డికాక్షన్‌కి నీళ్లు పోసినట్టు, వాసన తడిసిన అట్టపెట్టె. తెల్లగాజుకి వెలుతురు తగిలితే వైన్ త్వరగా పాడవుతుంది, మన ఎండలకి గోడౌన్‌లో వేడి సరేసరి. మీది చప్పగా మాత్రమే ఉందంటే ఇంతవరకు రాలేదు. ఇకమీదట కొనేటప్పుడు సంవత్సరం వేసి ఉంటే కొత్తది చూసి, వెనక వరసలో చీకట్లో ఉన్నది తీసుకోండి. అల్వారిన్యో మాత్రం వేరు, మంచిదైతే ఐదేళ్లు, ఇంకా పైన కూడా నిలుస్తుంది.

చల్లదనం 8 నుంచి 10 డిగ్రీలు, అల్వారిన్యో అయితే 10 నుంచి 12. ఫ్రిజ్‌లో మూడు గంటలు చాలు. తొందరగా కావాలంటే బకెట్‌లో ఐసు ఒక్కటే వేస్తే పని జరగదు, ఐసూ నీళ్లూ సగం సగం పోసి గుప్పెడు ఉప్పు వేయండి, ఇరవై నిమిషాల్లో అవుతుంది. గ్లాసులో ఐసు వేసుకోవచ్చా అని చాలామంది సిగ్గుపడుతూ అడిగేవాళ్లు. నాలుగు యూరోల బాటిల్‌కి వేసుకోండి, మీ డబ్బు, మీ ఎండ. ఒకటే జాగ్రత్త, చల్లగా నిమ్మరసంలా దిగిపోతుంది కాబట్టి 9 శాతమే కదా అని రెండో బాటిల్ తెరిచేస్తారు, తర్వాత పోర్తో మెట్లు ఎక్కాలి, ఆ ఊరంతా మెట్లే.

ఎర్ర విన్యో వెర్దె గురించి మీరు అడగలేదు, కానీ ఎవరో ఒకరు పట్టుకొచ్చి ఇస్తారు కాబట్టి చెప్తున్నా. విన్యావ్ అనే ద్రాక్ష, దాని తోలే కాదు, లోపలి కండ కూడా ఎరుపే. గ్లాసులో కాదు, తెల్లటి పింగాణీ గిన్నెలో పోసి తాగుతారు, గిన్నె అంచుకి ఊదా రంగు అంటుకుంటుంది, నేరేడుపళ్లు తిన్నట్టు నాలుకా పళ్లూ అదే రంగు. మొదటి గుక్కకి నేను మొహం అష్టవంకర్లు పెట్టాను, మా వంటవాళ్లు పడీపడీ నవ్వారు. చల్లగా తాగే ఎరుపు, అంత పులుపు, పైగా వగరు. చలికాలం చివర్లో లాంప్రే అనే పాములాంటి చేపని దాని రక్తంతోనే అన్నంలో వండుతారు, దానితోనూ, పంది మాంసం వేపుడుతోనూ ఇది తాగుతారు, అక్కడ మాత్రం ఇంకేదీ కుదరదు. జూన్‌లో మీకు లాంప్రే దొరకదు, గిన్నె మాత్రం ఒక్క యూరోకి అడిగి రుచి చూడండి.

తిరిగొచ్చేటప్పుడు తెచ్చుకోవడానికి మనిషికి రెండు లీటర్ల వరకు సుంకం లేదు, ఇద్దరి వాటా కలిపి లెక్కేయనివ్వరు, అంటే 750 మిల్లీలీటర్లవి చెరో రెండు, మొత్తం నాలుగు సీసాలు. తేలికవి తెచ్చుకోకండి, ఇక్కడి వేడికి నిలవవు, మూడు అల్వారిన్యోలు, ఒక లొరెయిరో తెచ్చుకోండి. చెక్-ఇన్ సూట్‌కేసులో ఒక్కో సీసాకి తువ్వాలు చుట్టి మధ్యలో పెట్టండి, అంచుకి పెట్టకండి. దిగాక రెండు మూడు రోజులు కదపకుండా ఉంచి, అప్పుడు వంజరం ముక్కలు తక్కువ కారంతో వేయించుకుని తెరవండి.